ముందే అందుకున్న పల్లవి

జగదాంబతో ఎవరైనా రెండు మాటలు మాట్లాడితే చాలు, మూడో మాటకి ఆవిడ చుట్టరికం తేల్చేస్తుంది. ఇంటిపేరేమిటి, ఏ ఊరు, అమ్మగారి వైపు ఎవరు అని మొదలుపెడుతుంది. పద్మారావు నగర్‌లో ఎక్కిన బస్సు సికింద్రాబాద్ స్టేషన్ చేరేలోగా పక్కసీటు మనిషిని పిన్నత్తగారినో బాబాయిగారి వియ్యంకుణ్ణో చేసి మరీ దింపుతుంది. కాకినాడ అవతలి పల్లె నుంచి భర్త చిన్నబ్బాయిగారి వ్యాపారం వెంట ఇక్కడికి వచ్చి పాతికేళ్ళు దాటినా ఆ అలవాటు మాత్రం వదల్లేదు. వరస తేలకపోతే ఆవిడకి మనిషితో ఎలా మసలుకోవాలో తెలియదు. ఏమని పిలవాలి, ఎంత దగ్గరగా కూర్చోవాలి, ఎంతవరకు దెబ్బలాడొచ్చు, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి కదా! నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆవిడ లెక్కలో లోకంలో పరాయివాళ్ళంటూ లేరు, ఇంకా ఆరా తీయనివాళ్ళు ఉన్నారంతే.

అంతటి మనిషికి కోడలి దగ్గర చుక్కెదురైంది.

కొడుకు అభిరామ్ తన ఆఫీసులోనే పనిచేసే రజితని ఇష్టపడి చేసుకున్నాడు. మల్కాజ్‌గిరి పిల్ల. వాళ్ళ ముత్తాతల నుంచీ అందరూ ఈ చుట్టుపక్కలవాళ్ళే. పెళ్ళి మాటలప్పుడు జగదాంబ అటు నుంచి లాగింది, ఇటు నుంచి లాగింది, ఏ కొసా చేతికి చిక్కలేదు. రజిత తల్లి లచ్చమ్మ "మా మేనత్తోళ్ళది భువనగిరి" అంటే జగదాంబకి భువనగిరిలో ఎవరూ లేరు. జగదాంబ "మా అక్కయ్య మామగారిది పిఠాపురం" అంటే లచ్చమ్మ పాపం తల అడ్డంగా ఊపింది. చివరికి ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుందామని రాజీపడి టీ తాగారు.

ఆ పెళ్ళిలో రజిత తమ్ముడు ఓంప్రకాశ్ ఇల్లు పీకి పందిరేశాడు. ఇంట్లో అందరికీ వాడు ఓం. బరాత్‌లో అందరినీ లాగి లాగి ఆడించాడు. పెళ్ళికొడుకు తల్లినన్న బింకంతో పక్కన నిలబడ్డ జగదాంబ చెయ్యి పట్టుకుని, "అత్తమ్మా, చుట్టరికాలు రేపు ఎతుకుదురు తీ, జెర డాన్స్ చెయ్యుండ్రి" అన్నాడు. ఆవిడ చచ్చేంత సిగ్గుపడుతూనే నాలుగడుగులు వేసింది. ఆ నాలుగడుగులకే వాడు మురిసిపోయి ఈలలు వేశాడు.

పెళ్ళయిన మొదటి వానాకాలంలో జ్వరం వచ్చి ఓం పోయాడు. వారం రోజుల జ్వరం. ఇంతేనా, ఇంత చిన్న జబ్బుకేనా అని నమ్మడానికే ఎవరికీ కొన్నాళ్ళు పట్టింది.

రజిత పుట్టింట్లో కార్యక్రమాలన్నీ అయ్యాక తిరిగొచ్చింది. వచ్చిన పిల్ల చెవుల్లో తెల్లటి ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. వంటింట్లో ఉన్నా, బాల్కనీలో ఉన్నా, బస్టాప్‌కి నడుస్తున్నా అవి అలాగే ఉండేవి. పిలిస్తే ఒకటి తీసి, అడిగినదానికి జవాబు చెప్పి మళ్ళీ పెట్టుకునేది. పని మానలేదు, ఆఫీసు మానలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఏడ్చినా బాగుండేది. ఇంట్లో ఉంటూనే ఆ పిల్ల రోజు రోజుకీ ఇంట్లోంచి వెళ్ళిపోతున్నట్టు అనిపించి జగదాంబ భయపడిపోయేది. పోనీ దగ్గర కూర్చోబెట్టుకుని ఓదారుద్దామంటే ఏ వరసన, ఏ మాటతో మొదలుపెట్టాలో ఆవిడకి అందలేదు. కోడలంటే తనకి ఎంత ఇష్టమో ఆవిడకి ఆ రోజుల్లోనే తెలిసొచ్చింది, అదీ భయం రూపంలో.

ఒక ఆదివారం మధ్యాహ్నం రజిత సోఫాలో కునుకు తీసింది. ఒక చెవిలోది జారి భుజం మీద పడింది. ఈ పిల్ల పొద్దస్తమానం ఏం వింటుందో చూద్దామని జగదాంబ మెల్లిగా వంగి దాన్ని తన చెవికి ఆనించుకుంది. ఏమీ వినపడలేదు. చెవి మార్చి చూసింది. ఆ చెవికీ ఏమీ వినపడలేదు.

పాడైపోయాయేమో, పాపం కొత్తవి కొనిపెట్టరా అని కొడుకుతో అంది. అభిరామ్ తలుపు దగ్గరికి వేసి చెప్పాడు.

"పాడవలేదమ్మా. తను ఏమీ వినట్లేదు. ఎవరూ పలకరించకుండా ఉంటారని పెట్టుకుంటోంది. అక్కా తమ్ముళ్ళిద్దరికీ పాటలంటే పిచ్చి. మిద్దె అని ఒక బ్యాండ్ ఉంది, వాళ్ళ షో సిటీలో ఎక్కడ జరిగినా ఇద్దరూ ముందు వరసలో ఉండేవాళ్ళు. కొత్త పాట వస్తే ఒకళ్ళు లేకుండా ఒకళ్ళు వినకూడదని ఒట్టు. ఓం పోయాక ఒక్క పాట వినలేదు. నువ్వు మాత్రం ఆ సంగతి ఎత్తకు."

ఎత్తనని జగదాంబ మాటిచ్చింది. ఓం సంగతి ఎత్తననే ఇచ్చింది. మిద్దె సంగతి ఎత్తననలేదు కదా!

మర్నాడే పై అంతస్తులో ఇంజనీరింగ్ చదువుకునే యోగితని పట్టుకుంది. చేగోడీలు ఒక గిన్నె ముందు పెట్టి, ఫోన్ చేతికిచ్చి, ఆ మిద్దెవాళ్ళని ఇందులో పెట్టమంది.

"ఆంటీ, మీరు మిద్దె వింటారా? సీరియస్‌గా?"

"వింటానో లేదో తర్వాత. ముందు ఎవరు ఎవరో చెప్పు."

యోగిత నవ్వాపుకుని చెప్పింది. పదేళ్ళ కింద చిలకలగూడలో ఒక ఇంటి మిద్దె మీద సాధన చేస్తూ మొదలైన బ్యాండ్ కాబట్టి మిద్దె. పాడేది సువార్త. చిన్నప్పుడు చర్చిలో పాడేది, ఇప్పుడు ఆమె పాట వస్తే కాలేజీలు ఊగిపోతాయి. గిటార్ వాయించేది ఇవాన్. డ్రమ్స్ బ్రహ్మచారి.

"ఆ గిటార్ అబ్బాయి ఈ అమ్మాయికి ఏమవుతాడు?"

"ఏమీ కాడు ఆంటీ. బ్యాండ్‌మేట్."

"ఏమీ కాకుండానే పదేళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు వాయిస్తారుటే? బ్రహ్మచారికి పెళ్ళయిందా?"

"ఇద్దరు పిల్లలు ఆంటీ."

"మరి ఆ పేరేమిటి ఖర్మ?"

నాలుగైదు మధ్యాహ్నాలు గడిచేసరికి జగదాంబకి ఆ లోకం కాస్త కాస్త కళ్ళకి కట్టడం మొదలైంది. అక్కడా రాకపోకలున్నాయి. ఒకరి కొత్త పాటకి మరొకరు వాయిస్తారు. ఒకరి స్టేజీ మీదకి మరొకరు చెప్పాపెట్టకుండా చుట్టపుచూపుగా వచ్చి రెండు పాటలు పాడి వెళ్తారు. ఒక షోలో సరదాగా కలిసి పాడినవాళ్ళు మరుసటి ఏడాదికి కలిసి పాట విడుదల చేస్తారు. మాటలు మానేసినవాళ్ళు పాటల్లో ఒకరినొకరు దెప్పుకుంటారు. ఎవరు ఎవరి పాటలో ఉన్నారో, ఎవరి షోకి ఎవరు రాలేదో పట్టుకుంటే లోపలి కథంతా బయటికొస్తుంది. ఇదేమీ కొత్త విద్య కాదనీ, పెళ్ళిళ్ళలో ఎవరు ఏ బంతిలో కూర్చున్నారో చూసి తాను చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనేననీ ఆవిడకి అర్థమై ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

పాటలు మాత్రం మొదట్లో అన్నీ ఒకలాగే వినిపించాయి. అది వేరే సంగతి.

ఒక రాత్రి భోజనాల దగ్గర, పప్పు వడ్డిస్తూ ఆవిడ భర్తతో అంది. "మీకు తెలుసా? ఇవాన్ లేడూ, వాడు సువార్త ఇంట్లోంచి విడిపోయి సింధూర దగ్గరికి ఇల్లరికం వెళ్ళిపోయాట్ట. సింధూర కొత్త పాటలో గిటార్ వాడిదే."

సింధూర అంటే ఇప్పుడు అందరి నోళ్ళలో నలుగుతున్న మరో గాయని. చిన్నబ్బాయికి ఆ సంగతి తెలియదు. ఈ ఇవాన్ తమ బజారులో ఏ షాపువాడో అనుకుని, "అలాగా, ఎంతిచ్చార్ట?" అన్నాడు.

రజిత కంచంలో కలుపుతున్న చెయ్యి ఆగింది. చెవిలోంచి ఒకటి తీసింది. ఎవరూ పిలవకుండా తీయడం అదే మొదటిసారి.

"ఇల్లరికం కాదత్తమ్మా," అంది. "ఇవాన్ మిద్దెల్నే ఉన్నడు. సింధూర పాటకు గెస్ట్‌గ వాయించిండు, గంతే. అంతకు ముందు సింధూర మిద్దె షోకు వచ్చి పాడలేదా? దానికి బదులు ఇది."

"అలాగా? మరి యోగిత విడిపోయారందే?"

"ఆ పిల్లకేం ఎరుక?" అంది రజిత కాస్త విసుగ్గా, మళ్ళీ ఇయర్‌ఫోన్ పెట్టుకుంది.

అభిరామ్ తల్లి వంక చూశాడు. జగదాంబ ఏమీ ఎరగనట్టు అప్పడాల డబ్బా కోసం లేచింది. విసుగైతేనేం, ఆ పిల్ల తనంతట తాను మాట్లాడింది. నిజంగానే పప్పులో కాలేసినందుకు ఆవిడకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆ తరవాత ఆవిడ కావాలనే తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. పూటకో తప్పు. బ్రహ్మచారి సువార్తకి మేనబావ అంది. సువార్త పాటలన్నీ ఇవాన్ వాళ్ళ నాన్న రాస్తాడంది. వైజాగ్‌లో జరిగిన షోని వరంగల్‌లో జరిగిందంది. రజిత ఉండబట్టలేక సరిదిద్దేది. మొదట్లో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునేది. పోను పోను, సిటీలో జరిగిన ఒక షోలో వానొచ్చిందనీ, అయినా జనం కదల్లేదనీ, కరెంటు పోతే బ్రహ్మచారి ఒక్కడే ఆపకుండా వాయించాడనీ చెప్పేది. చెబుతున్నంతసేపూ ఇయర్‌ఫోన్లు మెళ్ళో వేలాడేవి. ఏ కథలోనూ తన పక్కన ఎవరున్నారో మాత్రం చెప్పేది కాదు. వానలో తడిసింది తానొక్కతే అయినట్టు చెప్పేది. పాట వినమంటే ఇప్పుడు కాదని లేచిపోయేది.

"నీకు మతిపోతోందే," అన్నాడు చిన్నబ్బాయి ఒక రోజు. "సువార్త తల్లిదండ్రులకి ఒక్కతే కూతురని మొన్ననేగా ఆ పిల్ల చెప్పింది? మళ్ళీ అక్క ఉందంటావేం?"

"మీరూరుకోండి," అంది జగదాంబ. "నాకు మతి ఉండబట్టే."

ఆయన కాసేపు ఆలోచించి, విషయం తలకెక్కి, మర్నాటి నుంచి తానూ ఒక చెయ్యి వేశాడు. డ్రమ్స్‌ని మృదంగం అనడం ఆయన వంతు.

చలికాలంలో మిద్దెవాళ్ళ కొత్త విడుదల వచ్చింది. కొత్త పాటలు కావు. ఏడాదిన్నర కింద సికింద్రాబాద్‌లో ఒక గ్రౌండ్‌లో చేసిన షోని అలాగే, జనం కేకలతో సహా రికార్డు చేసి వదిలారు. యోగిత ఫోన్‌లో పెట్టి వెళ్ళింది. జగదాంబ గోంగూర ముందేసుకుని, ఆకు వలుస్తూ వినసాగింది. ఈపాటికి ఆవిడకి సువార్త గొంతు బాగానే పట్టుబడింది. కొన్ని పాటలు నచ్చాయని కూడా ఒప్పుకోవాలి. అన్నిటికంటే 'ఏడు గల్లీలు' అనే పాట.

*ఎదురొస్తనే నేను ఏడు గల్లీలు దాటి*
*ఎదురు చూడకు నువ్వు ఎండల నిలబడి*

ఆ పాటలో చరణం అయ్యాక వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఒక గుక్కెడు నిశ్శబ్దం. అప్పుడు సువార్త పల్లవి అందుకుంటుంది, వెనకే అన్నీ మోగుతాయి. కానీ ఈ షోలో అలా జరగలేదు. ఆ నిశ్శబ్దంలో, ఆమె నోరు తెరవకముందే, జనంలోంచి ఒక్క కుర్రగొంతు గట్టిగా "ఎదురొస్తనే..." అని ఎత్తేసుకుంది. సువార్త పకపకా నవ్వింది. "ఆగు తమ్ముడూ, నేనింకా రాలే!" అంది. గ్రౌండంతా గొల్లుమంది.

జగదాంబ గోంగూర వదిలేసి లేచింది. ఈసారిది ఆవిడ కావాలని చెయ్యబోయే తప్పు కాదు. నిజంగానే ఒక చుట్టరికం దొరికిందని నమ్మింది.

రజిత బాల్కనీలో ఆరిన బట్టలు మడత పెడుతోంది.

"అమ్మాయ్, దొరికావు," అంది జగదాంబ. "సువార్త ఒక్కతే కూతురన్నావుగా? ఆవిడకో తమ్ముడున్నాడు. షోలో పిలిచింది, నా చెవులతో విన్నాను."

"లేడత్తమ్మా. నాకు తెల్వదా?"

"ఉన్నాడు. పల్లవి ఇంకా రాకుండానే తగుదునమ్మా అని ముందే అందుకున్నాడు కూడాను. అంతమందిలో అంత చనువు సొంతవాడికి కాక ఇంకెవరికి ఉంటుంది? ఆగు తమ్ముడూ అని ఆవిడ నవ్వింది."

రజిత చేతిలో అభిరామ్ చొక్కా సగం మడతలో ఉండిపోయింది. "ఏ పాట?" అంది.

"ఏడు గల్లీలు."

"ఏ షో?"

"ఇదే, మన సికింద్రాబాద్‌ది. కొత్తగా వదిలార్ట."

ఆ పిల్ల ముఖంలో రంగు మారడం చూశాక గాని జగదాంబకి తానేదో ముట్టుకోకూడనిది ముట్టుకున్నానని తోచలేదు. ఫోన్ కొంగులో దాచబోయింది. "పోనీలేమ్మా, నేనే తప్పు విని ఉంటాను," అంది.

"పెట్టుండ్రి అత్తమ్మా."

పెట్టింది. చరణం నడిచింది. వాద్యాలు ఆగాయి. కుర్రగొంతు ఎత్తుకుంది. సువార్త నవ్వింది, జనం నవ్వారు. ఆ నవ్వుల అడుగున, జగదాంబ ఇందాక పట్టించుకోనిది, చిన్నగా ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. "నోర్ముయ్‌రా ఓం!" అంటోంది. సిగ్గుతో, నవ్వుతో, కోపంతో అరుస్తున్న ఆ గొంతు రజితది.

పాట ముందుకు వెళ్ళిపోయింది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు.

"ఆమె తమ్ముడు కాదత్తమ్మా," అంది రజిత. "నా తమ్ముడు."

అని, బట్టల కుప్ప పక్కన అలాగే నేల మీద కూలబడి ఏడ్చింది. ఇన్ని నెలలుగా దాచుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. జగదాంబ పక్కనే కూర్చుని, ఆ తలని తన ఒళ్ళోకి లాక్కుంది. ఏ వరసన ఓదార్చాలన్న ఆలోచనే రాలేదు ఆవిడకి. తనకీ ఏడుపు వస్తోంది, వస్తుంటే రానిచ్చింది.

చాలాసేపటికి రజిత అంది. "ఎప్పుడు గంతే అత్తమ్మా వాడు. ఆ పాటల అక్కడ ఆగాల్నని ఎన్నిసార్లు చెప్పినా ఆగకపోయేటోడు. ఇంట్ల సుత గిట్లనే. ఆ రోజు అందరు మా దిక్కే చూసిండ్రు. నాకు ఇజ్జత్ పోయినట్టయింది. అంగీ పట్టి గుంజి నోర్ముయ్‌రా అన్న. గదే మా ఆఖరి షో. ఆఖరి షోల నా తమ్మున్ని నోరు ముయ్యమన్న."

జగదాంబ కొంగుతో ఆ పిల్ల ముఖం తుడిచింది. "అక్కలు తమ్ముళ్ళని అలాగే అంటారమ్మా. అననివాళ్ళు అక్కలే కారు. అయినా నువ్వన్నావు సరే, వాడు మూశాడా? ఇంకోసారి విను."

మళ్ళీ పెట్టింది. నిజమే. సువార్త ఆగమన్నాక, అక్క నోరు ముయ్యమన్నాక కూడా ఆ గొంతు ఆగలేదు. నవ్వుతూనే, జనంతో కలిసి, శ్రుతి కాస్త అటూ ఇటూగా పల్లవి చివరిదాకా పాడింది. రజిత ఏడుపులోంచే ఒక్కసారి ఫక్కున నవ్వింది. "ఆగలే చూడుండ్రి, లుచ్చా గాడు," అంది.

ఆ మధ్యాహ్నం గోంగూర అలాగే వాడిపోయింది. రజిత తమ్ముడి గురించి చెబుతూనే ఉంది. వానలో షో అయినప్పుడు తన చెప్పులు బురదలో పోతే వాడివి తనకిచ్చి వట్టి కాళ్ళతో బస్సెక్కాడట. కొత్త పాట అర్ధరాత్రి వస్తే అక్క నిద్ర లేచేదాకా వినకుండా గుమ్మం దగ్గర కూర్చునేవాడట. ఇంతకాలం కథల్లో తానొక్కతే తడిసిన వానలన్నిటిలోకీ వాడు తిరిగొచ్చాడు. సాయంత్రం అభిరామ్ వచ్చేసరికి అత్తాకోడళ్ళ ముఖాలు రెండూ ఉబ్బిపోయి ఉన్నాయి. ఏమైందోనని హడలిపోయాడు. "టీ పెట్టు, చెప్తాం," అంది తల్లి.

మర్నాడు సాయంత్రమే మల్కాజ్‌గిరి వెళ్ళారు. కొడుకు గొంతు విని లచ్చమ్మ ముందు అటూ ఇటూ చూసింది. పక్కగది నుంచి వచ్చిందా అన్నట్టు చూసింది. రజిత తండ్రి తుకారాం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "మల్ల పెట్టు బిడ్డా," అంది లచ్చమ్మ. మళ్ళీ పెడితే మళ్ళీ విని, "పానం ఆగది వానికి. అన్నం ఉడకకముందే కంచం పట్టుకొని కూసునేటోడు," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రాత్రి రజిత తల్లి దగ్గరే ఉండిపోయింది.

వేసవి మొదట్లో మిద్దె షో ఉందని తెలిసింది. అదీ సికింద్రాబాద్‌లోనే. టిక్కెట్లు రజితే తీసింది, తల్లికి, అత్తకి, తనకి. లచ్చమ్మ రానంటే రానంది. ఆ జనం మధ్య నాకేం పని అంది. "నాకోసం రా అమ్మా," అంటే వచ్చింది. తీరా బయల్దేరే ముందు రజితకే ధైర్యం చాలలేదు. ఇంటి గేటు దగ్గర జగదాంబ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"అత్తమ్మా, ఆ పాటల ఆ జాగ వస్తది కదా. అందరు ఆగే జాగ. అక్కడ ఇప్పుడు ఎవ్వరు ఉండరు. వట్టిగనే ఉంటది. నాతోని అయితదో లేదో."

"కాకపోతే లేచి వచ్చేద్దాం. ముగ్గురం ఉన్నాం," అంది జగదాంబ. చెప్పడానికి చెప్పింది గాని ఆవిడకీ అదే బెంగగా ఉంది. పుట్టెడు దుఃఖం నుంచి ఇప్పుడిప్పుడే ఇవతలికి వస్తున్న పిల్ల, ఆ ఒక్క గుక్కెడు నిశ్శబ్దంలో మళ్ళీ మునిగిపోతే ఏం చెయ్యాలి?

ఇంకా వెలుతురు పోలేదు. గ్రౌండ్ నిండా పిల్లలు. అందరిలోకీ పెద్దవాళ్ళు ఈ వియ్యపురాళ్ళిద్దరే. కుర్రాళ్ళు జరిగి దారిచ్చారు, ఎవరో ఒక పిల్ల ఇద్దరికీ రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చిపెట్టింది. స్టేజీ మీద సువార్త ఫోన్‌లో కంటే పొట్టిగా, ఇవాన్ బాగా బక్కగా ఉన్నారు. బ్రహ్మచారి మాత్రం ఇద్దరు పిల్లల తండ్రిలాగే ఉన్నాడని జగదాంబ అనుకుంది. నాలుగు పాటలయ్యాయి. గిటార్ మెల్లిగా 'ఏడు గల్లీలు' ఎత్తుకోగానే జనం కేకలు వేశారు. రజిత తల్లి కుర్చీకీ అత్త కుర్చీకీ మధ్య నిలబడి, ఇద్దరి భుజాల మీదా చేతులు వేసింది.

పల్లవి అయింది. చరణం నడిచింది. చివరి మాట దగ్గర వాద్యాలన్నీ ఆగాయి. జగదాంబ కళ్ళు మూసుకుంది.

"ఎదురొస్తనే..."

ఒక గొంతు కాదు. గ్రౌండంతా. సువార్త నోరు తెరవకముందే, ముందు వరస నుంచి గేటు దాకా, అన్ని వేల గొంతులు ఒక్కసారిగా ముందే అందుకున్నాయి. ఆ రికార్డు విన్నవాళ్ళందరికీ పాట అలాగే అలవాటైపోయింది. అక్కడ ఆగాలని వాళ్ళకి తెలియనే తెలియదు. సువార్త అచ్చం అప్పటిలాగే పకపకా నవ్వి, మైకు జనం వైపు తిప్పి పట్టుకుని, వాళ్ళని పాడనిచ్చింది. బ్రహ్మచారి పుల్లలు పైకెత్తి ఆగాడు. ఇవాన్ ఆగాడు. ఇన్నాళ్ళూ జనం బ్యాండ్ కోసం ఆగేవాళ్ళు, ఇప్పుడు బ్యాండే జనం కోసం ఆగింది.

లచ్చమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది. పక్కనున్న కుర్రాడు, వాడి పక్కవాడు, భుజాలెక్కి ఊగుతున్న పిల్లలు, అందరూ ఆ ఒక్క పొరపాటునే పొల్లుపోకుండా చేస్తున్నారు.

"గింతమందికి మా వాడే నేర్పిండా బిడ్డా?" అంది.

రజిత గొంతు నిండా పాట ఉంది, కళ్ళనిండా నీళ్ళున్నాయి. పాడుతూనే తల ఊపింది.

"మీ వాడే వదినా," అంది జగదాంబ. "వీళ్ళందరికీ మీ వాడే నేర్పాడు."